ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా

ఆ జనవరిలో మా వీధి తాళాలన్నీ నా మెడకు చుట్టుకున్నాయి. మొత్తం పదకొండు గుత్తులు. ఎర్ర దారం కట్టింది దోనా ఎర్నాది, పక్కిల్లు. రెండు పూటలా ఆమె కుక్కకు తిండి పెట్టాలి. సీసా మూత వేలాడేది ఎదురింటి వెల్డర్‌ది. అతని పిట్టలకు నీళ్ళు మార్చాలి. మూలింటివాళ్ళు తాళంతో పాటు ఒక కాగితం కూడా ఇచ్చారు, ఏ కుండీకి ఎన్ని చెంబులు పోయాలో రాసి. ఇచ్చిన ప్రతివాళ్ళూ నా చేతిలో తాళం పెడుతూ ఒకటే మాట అన్నారు. "ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా, మార్లీసి!"

మా ఊరు జొయిన్విలిలో డిసెంబరంటే మంచి ఎండాకాలం; ఇరవయ్యో తేదీ వచ్చిందంటే ఫ్యాక్టరీలన్నీ ఒక్కసారే గేట్లు మూస్తాయి. ఇనుము పోత పోసే ఫౌండ్రీలు, పంపుల కంపెనీలు, బట్టల మిల్లులు, అన్నింటికీ కలిపి ఒకటే సెలవులు. ఊరు ఊరంతా కార్ల నెత్తిన పరుపులూ ఐసు డబ్బాలూ కట్టుకుని సముద్రం ఒడ్డుకు పోతుంది, మళ్ళీ ఫ్యాక్టరీ తెరిచే ముందురోజు దాకా తిరిగిరాదు. ఇక్కడ మిగిలేవి వాన, దోమలు, పెంపుడు కుక్కలు. ఆ ఏడు వాటితోపాటు నేనూ మిగిలాను.

ఎందుకంటే నాకు పని ఉంది. ఆ సంగతి మా వీధిలో ఒక్కరి బుర్రకీ ఎక్కలేదు. నేను పోర్చుగల్‌లో, పోర్తో నగరంలో ఉన్న ఒక కంపెనీకి డ్రాయింగులు సరిచూస్తాను. పోత ఇనుముతో చేసే పంపు భాగాలు. వాళ్ళు గీసి పంపిస్తారు, నేను ఇక్కడ మా ముందు గదిలో కూర్చుని ప్రతి కొలతా చూసి, తప్పు దొరికితే ఎర్ర గీత పెట్టి తిప్పి పంపిస్తాను. వాళ్ళకు తొమ్మిదైతే మాకు ఆరు. కాబట్టి ఆరింటికి మొదలుపెట్టి రెండింటికి ముగిస్తాను. నవంబరులో చేరాను. మూడు నెలలు పరీక్ష కాలం. నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే చల్లగా పంపేస్తారు. పాత కంపెనీ మూతపడ్డాక ఏడాదిన్నర ఖాళీగా ఉన్నదాన్ని. ఇది కూడా పోతే నలభై ఒకటో ఏట పెట్టె సర్దుకుని సావో పాలో వెళ్ళి, ఎవరింట్లోనో గది అద్దెకు తీసుకోవాలి. ఈ వానల ఊరు వదిలి నేను బతకలేను. ఎందుకని అడిగితే చెప్పలేను, కానీ బతకలేను.

మా నాన్న ఓస్ని ముప్పైమూడేళ్ళు ఫౌండ్రీలో మూసలు చేశాడు. సైకిలు మీద వెళ్ళి సైకిలు మీద వచ్చాడు. పని అంటే ఆయన దృష్టిలో గేటు దాటి పోయేది.

"ఫౌండ్రీ సెలవులిచ్చింది, మీవాళ్ళెందుకివ్వరు?" అన్నాడు డిసెంబరు మొదట్లోనే. సముద్రం ఒడ్డున బార్రా వేల్యాలో నలభై ఏళ్ళుగా ప్రతి ఏడూ అదే ఇల్లు అద్దెకు తీసుకుంటాం, ఫౌండ్రీవాళ్ళ కుటుంబాలు నాలుగు కలిసి.

"అక్కడ ఇప్పుడు చలికాలం నాన్నా. వాళ్ళకు సెలవులు ఆగస్టులో."

"అయితే నీకూ ఆగస్టులోనే ఇస్తారా?"

"ఉంచుకుంటే ఇస్తారు."

"ఆగస్టులో సముద్రానికి వెళ్ళి ఏం చేస్తావ్, స్వెట్టరేసుకుని కూర్చుంటావా?" అని నా వేషం కేసి ఎగాదిగా చూశాడు. నేను అప్పుడే ఒక మీటింగు ముగించి కాఫీకి వచ్చాను. "పైన ఇస్త్రీ చొక్కా, కింద నిక్కరు, కాళ్ళకు రబ్బరు చెప్పులు. ఇదేం ఉద్యోగమే తల్లీ? సగం మనిషికే ఇచ్చారా?"

"నువ్వెళ్ళు నాన్నా. మీ ఫౌండ్రీ అదెలీర్ మామ, వాళ్ళూ ఉంటారుగా. నేను ఉంటాను."

వెళ్ళలేదు. నా ఒక్కదాన్నీ వదిలి వెళ్ళనన్నాడు. నిజానికి అది కాదు సంగతి. అక్కడ ఒడ్డున కుర్చీలేసుకుని, "మీ అమ్మాయి రాలేదేం?" అని అందరూ అడిగితే ఏం చెప్పాలో ఆయనకు తెలియలేదు. నాకు అప్పుడే అర్థమైంది, ఒళ్ళు మండింది కూడా. అయినా నోరు మూసుకున్నాను, ఆరోజు రెండింటి లోపు నలభై రెండు కొలతలు చూడాలి మరి.

ఇక అమ్మ లేని ఇంట్లో ఆయనా నేనూ. ఆయనకు తోచదు. నాకు తీరదు. మా ఊళ్ళో గేటు దగ్గరకొచ్చినవాళ్ళు గంట కొట్టరు, చప్పట్లు కొడతారు. వీధిలో మనిషి ఉన్న ఇల్లు మాదొక్కటే కావడంతో ప్రతి పార్సిలువాడూ మా గేటు ముందే చప్పట్లు కొట్టేవాడు. వెల్డర్‌కి టైర్లు, మూలింటికి ఫ్యాను, దోనా ఎర్నాకి ప్రతి నాలుగు రోజులకూ ఏదో ఒక మందుల పెట్టె. నాన్న వెళ్ళి తీసుకోవచ్చు. తీసుకోడు. సంతకం అంటే ఆయనకు భయం. తప్పుచోట పెడితే ఇల్లు పోతుందని ఎవరో చెప్పారు. గది తలుపు భళ్ళున తెరిచి, "మార్లీ! గ్యాసువాడొచ్చాడు, నిండు సిలిండరు ఒకటా రెండా?" అని కేకేసేవాడు. అవతల పోర్తోలో ఆరుగురు నా నిక్కరు చూడకుండా ఎలా లేవాలా అని నేను కుర్చీలో మెలికలు తిరిగేదాన్ని.

మా పై అధికారి గ్రాసా. యాభై దాటిన మనిషి, నిదానంగా మాట్లాడుతుంది, ఒక్క మాట కూడా వృథా చేయదు. ఒకరోజు నేను లెక్కలు చెబుతుండగా గేటు దగ్గర చప్పట్లు మొదలయ్యాయి. ఆగలేదు.

"మార్లీసి, నీ లెక్కలు బాగున్నాయి గానీ అంత బాగా లేవు," అంది గ్రాసా. "ఎవరా మెచ్చుకుంటున్నది?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి తువ్వాలు నోట్లో కుక్కుకుని అరిచాను.

రెండింటికి పని ముగించి వంటింట్లోకి వస్తే నాన్న అన్నం, నల్ల చిక్కుడు గింజల కూర వండి పెట్టి ఉండేవాడు. ఆ ఒక్క విషయంలో ఆయన్ని ఏమీ అనలేను. కానీ తినేటప్పుడు మొహం ఒకలా పెట్టుకుని కూర్చునేవాడు. ఒకరోజు అడిగేశాను, ఏమిటి నీ బాధ అని.

"నేను పని నుంచి వచ్చేసరికి మీ అమ్మ ఇదిగో ఈ వెనక తలుపు దగ్గర నిలబడి ఉండేది," అన్నాడు, చెంచాతో తలుపు చూపించి. "సైకిలు గోడకు ఆనించేవాణ్ణి. 'వచ్చావా?' అనేది. 'వచ్చాను' అనేవాణ్ణి. ముప్పైమూడేళ్ళు. నేను రావడం ఆమెకు కనిపించేదిగా."

"అయితే?"

"నువ్వు పోవు. పోకపోతే ఎప్పుడొస్తావు? రెండింటికి అన్నం వండి పెడుతున్నాను, ఎవరి కోసం పెడుతున్నానో తెలియడం లేదు. పక్కగదిలోంచి మనిషి ఊడిపడుతుంది."

కూర బాగుందని చెప్పి, వెళ్ళి ఎదురింటి పిట్టలకు నీళ్ళు మార్చాను.

జనవరి మూడో సోమవారం నాకు అసలు పరీక్ష పెట్టారు. కొత్త పంపు తొడుగు ఒకటి, లోపల బోలుగా ఉండే పెద్ద పోత భాగం. దాని డ్రాయింగు పూర్తిగా నేనే సరిచూసి, కొనేవాళ్ళ ఇంజనీర్ల ముందు నేనే వివరించాలి. మా ఉదయం ఏడింటికి. అది బాగా జరిగితే నా కాగితం మీద సంతకం పెడతానని గ్రాసా ముందే చెప్పింది. మూడు వారాలు ఆ తొడుగుతోనే తిన్నాను, దాంతోనే పడుకున్నాను. ప్రతి కొలతా కంఠతా వచ్చేసింది.

ఆదివారం సాయంత్రం దోనా ఎర్నా కుక్కకు తిండి పెట్టి వచ్చేసరికి, వంటింటి బల్ల మీద నా తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి మడతపెట్టి ఉంది. దాని పక్కన ప్లాస్టిక్ కవర్లో నా నీలం రంగు ఉద్యోగ పుస్తకం, ఏ కంపెనీలో ఎన్నాళ్ళు చేశామో రాసి ముద్ర వేసేది. ఇప్పుడంతా ఫోన్లోనే నడుస్తుంది, ఆ పుస్తకం ఎవరూ అడగరు. అయినా మా నాన్నలాంటి వాళ్ళకు కంపెనీ ముద్ర పడాల్సింది అందులోనే.

"ఏమిటిది?"

"రేపు ఏడింటికి ఫౌండ్రీ గేటు దగ్గరకు వెళ్ళాలి నువ్వు," అన్నాడు. గొంతులో సంతోషం దాచుకోవడం ఆయనకు చేతకాదు. "అదెలీర్‌తో మాట్లాడాను. వాడిప్పుడు డ్రాయింగు ఆఫీసు పెద్దకు బాగా దగ్గర. మిగతావాళ్ళకు ఎల్లుండి నుంచి గానీ పని లేదు, ఆ ఆఫీసు మాత్రం రేపే తెరుస్తున్నారు. నీకో కుర్చీ ఉంది. రేపు డాక్టరు పరీక్ష, ఎల్లుండి ముద్ర. ఆ గేటులోంచి వెళ్ళి ఆ గేటులోంచి రావచ్చు. సెలవులు అందరితోపాటే."

"నువ్వు నన్నడగకుండా..."

"ముప్పైమూడేళ్ళలో నా కోసం ఎవర్నీ ఏదీ అడగలేదు మార్లీ. మీ అమ్మ జబ్బులో ఉన్నప్పుడు పగటి షిఫ్టు ఇప్పించమని కూడా అడగలేదు. ఫోను పట్టుకుని వాణ్ణి బతిమాలాను."

"నాన్నా, రేపు ఏడింటికే నాకు పరీక్ష. చెప్పాను కదా, రెండు వారాలుగా చెబుతూనే ఉన్నాను!"

"డబ్బాతో మాట్లాడ్డమేగా, తొమ్మిదింటికి మాట్లాడు."

"అది డబ్బా కాదు! అది నా ఉద్యోగం!"

"ఉద్యోగమైతే ముద్రేదీ?" అని పుస్తకం తెరిచి ఖాళీ పేజీ నా మొహం ముందు పెట్టాడు. "గేటేదీ? తోటి మనుషులేరీ? వీధి వీధంతా నిన్ను చూసి ఏమనుకుంటున్నారో తెలుసా? పాపం, ఓస్ని కూతురికి పని లేదు, బీచికి వెళ్ళే దారి లేదు, కుక్కలు కాస్తోంది అనుకుంటున్నారు! తాళాలు ఎందుకిచ్చారనుకున్నావ్? నమ్మకం కొద్దీ కాదు, జాలి కొద్దీ!"

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. పదకొండు గుత్తులూ అక్కడే మేకుకు వేలాడుతున్నాయి. నేను వెళ్ళనని చెప్పాను. గట్టిగానే చెప్పాను, చెప్పకూడని మాట కూడా ఒకటి అన్నాను, నీ ఫౌండ్రీ నీకు ఏమిచ్చింది, సగం చెవుడు తప్ప అని. నాన్న పుస్తకం కవర్లో పెట్టాడు, చొక్కా మడత సరిచేశాడు, వెళ్ళి పడుకున్నాడు.

తెల్లవారేసరికి వాన కుండపోత. మా ఊళ్ళో వాన సంగతి సరే, వానా సముద్రం పోటూ కలిసొస్తే ఏరు వెనక్కి తిరిగి వీధుల్లోకి వస్తుంది. ఆరున్నరకు మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు. మా ఇంటికి మూడు మెట్లున్నాయి కాబట్టి గండం లేదు, కానీ వీధి పార్సిళ్ళన్నీ మెట్ల దిగువ మా వరండాలో నేల మీదే ఉన్నాయి. ఏడింటికి నా జీవితం తేలబోతుంటే, నేను వెల్డర్ టైర్లు బల్ల మీదకు ఎక్కిస్తున్నాను. ఆరోజు తిరిగి రావాల్సినవాళ్ళేమో రోడ్డు మునిగిందని సముద్రం ఒడ్డునే హాయిగా ఇంకో రోజు ఉండిపోయారు.

నాన్న పాత ఫౌండ్రీ చొక్కా వేసుకుని సైకిలు బయటికి తీశాడు.

"ఈ నీళ్ళలో ఎక్కడికి?"

"అదెలీర్ గేటు దగ్గర నిలబడి ఉంటాడు. మాటిచ్చినవాణ్ణి నేను. రావడం లేదని నా నోటితో నేనే చెప్పాలి."

"ఫోను చెయ్యి నాన్నా!"

"అడగడానికి ఫోను చేశాను. కాదనడానికి కూడా ఫోనేనా?" అని నీళ్ళలోకి దిగిపోయాడు.

నాకు వెనక పరుగెత్తే తీరిక లేదు. చొక్కా వేసుకుని, తల దువ్వుకుని కూర్చున్నాను. కరెంటు ఉంది. నెట్ ఉంది. తెర మీద గ్రాసా, ఆమె పక్కన కొనేవాళ్ళ ఇంజనీర్లు ఇద్దరు, టై కట్టుకుని. మొదలుపెట్టాను. బయటి కొలతలు, లోపలి కొలతలు, గోడ మందం, బోల్టుల దూరాలు, ఒక్కొక్కటీ చూపిస్తూ పోయాను. ఇద్దరిలో పెద్దాయన తలూపుతున్నాడు. గ్రాసా ఏదో రాసుకుంటోంది. పది నిమిషాల్లో అయిపోతుంది అనగా వెనక తలుపు చప్పుడైంది.

నాన్న. ఏటి వంతెన దాకా కూడా వెళ్ళలేకపోయాడట, సైకిలు భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. నడుము దాకా తడిసి, నీళ్ళు కారుతూ, నా గది తలుపు దగ్గర నిలబడ్డాడు. చేత్తో వెళ్ళమని సైగ చేశాను. కదల్లేదు. నన్ను చూడటం లేదు ఆయన. తెర మీద ఉన్న తొడుగును చూస్తున్నాడు. దాన్ని నిలువునా కోసినట్టు గీసిన బొమ్మ ఉంది అప్పుడు, లోపలి బోలు అంతా కనిపిస్తూ.

"కింద కన్నం ఏదీ?" అన్నాడు.

సగం చెవుడున్న మనిషి మెల్లగా మాట్లాడలేడు. అది పోర్తో దాకా వినిపించింది.

"ఏమిటి?" అంది గ్రాసా.

"క్షమించండి, ఇంట్లో..." అంటూ నేను మైకు నొక్కబోయాను.

"ఇసుక ఎక్కడినుంచి వస్తుంది?" నాన్న రెండడుగులు లోపలికి వేసి తడి వేలు నా తెర మీద పెట్టాడు. "ఇదిగో, ఈ పొట్ట. దీనిలో ఇసుక నింపి మూస పెడతాం కదా. చుట్టూ ఇనుము పోస్తాం. అది గడ్డకట్టాక లోపలి ఇసుకను పొడిచి బయటికి లాగాలి. పైన మెడ చూస్తే ఇంతే ఉంది. కింద కన్నం లేదు. ఎలా లాగుతారు, చెంచాతోనా?"

నా వేలు మైకు మీదే ఉంది. నొక్కితే చాలు. నెట్ పోయిందని చెప్పొచ్చు, వాన అని చెప్పొచ్చు, వాన నిజమే కదా. బొమ్మ వైపు చూశాను. మూడు వారాలు చూసిన బొమ్మ. నీళ్ళు కారకుండా ఉండాలని ఆఖరి మార్పులో కింది కన్నం తీసేశారు; తీసేశారని నాకు తెలుసు, తీసేశాక మిగతా కొలతలన్నీ సరిగ్గా కుదిరాయని టిక్కు పెట్టింది నేనే. ఆ ఇసుక సంగతి ఒక్కసారీ నాకు తట్టలేదు. ఇసుక దుమ్ముతో ఇంటికి వచ్చే మనిషి పెంచిన దాన్ని నేను.

వేలు తీసేశాను.

"ఈయన మా నాన్నగారు, ఓస్ని," అన్నాను. "ముప్పైమూడేళ్ళు మూసలు చేశారు. ఆయన చెప్పింది నిజం. ఇది నేను పట్టుకోవాల్సింది. పట్టుకోలేదు."

నేను కుర్చీలోంచి లేచి, నిక్కరు కనిపిస్తే కనిపించిందని, కుర్చీని ఆయన వైపు జరిపాను. "కూర్చో నాన్నా."

కూర్చోలేదు. ఫౌండ్రీలో ఇంజనీర్లతో నిలబడే మాట్లాడేవాడట, నిలబడే మాట్లాడాడు. కన్నం ఎక్కడ పెడితే నీళ్ళు కారవో, దానికి మూత ఎలా బిగిస్తారో, అలా బిగించిన పంపులు ఎన్నేళ్ళు నడిచాయో చెప్పాడు. పెద్దాయన రెండు ప్రశ్నలు అడిగాడు. నాన్న రెండింటికీ జవాబు చెప్పి, ఆగి, "మీ దగ్గర ఫౌండ్రీలో ఎవర్నీ అడగలేదా అయ్యా?" అన్నాడు.

"డ్రాయింగు ఇంకా వాళ్ళ దగ్గరకు వెళ్ళలేదు," అంది గ్రాసా.

"వెళ్ళాక తిడతారు."

"తిడతారనే అనుకుంటున్నాను," అంది ఆమె.

గంట తర్వాత గ్రాసా నాకు ఒక్కదానికే ఫోను చేసింది. అప్పటికి నాన్న పొడి బట్టలు కట్టుకుని వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాడు, తలుపు తీసే ఉంది.

"ఆ కన్నం నువ్వు చూడలేదు, మార్లీసి."

"అవును."

"మైకు కట్టెయ్యలేదు కూడా. అదీ చూశాను." అంది గ్రాసా. "సంతకం ఇప్పుడు పెట్టలేను. పరీక్ష కాలం ఈస్టరు దాకా పొడిగిస్తున్నాను."

"పొడిగించడమంటే..."

"అంటే ఇంకా పూర్తిగా నమ్మకం కుదరలేదని. పోలేదని కూడా."

వంటింట్లోకి వెళ్ళి చెప్పాను. ఆయన మీద విరుచుకుపడాలని వెళ్ళాను, నిజం చెప్పాలంటే. ఆ నోరు పది నిమిషాలు మూసుకుని ఉంటే ఈపాటికి నా చేతిలో పర్మనెంటు కాగితం ఉండేది. ఆ తర్వాత మార్చిలో ఏదో ఫౌండ్రీలో నలభై తొడుగులు ఇసుకతో సహా మూలపడేవి, కింద సంతకం నాది ఉండేది. రెండూ ఒకేసారి బుర్రలో తిరుగుతుంటే ఎవరి మీద కోప్పడాలో తెలియక గుమ్మంలో నిలబడిపోయాను.

"మీ ఇంజనీరమ్మ మంచిది," అన్నాడు నాన్న, ఉల్లిపాయల మీంచి తలెత్తకుండా. "నేనైతే ఇంటికి పంపేసేవాణ్ణి. మూస చేసేవాడు చూడకపోతే ఒక పోత పోతుంది. గీసేవాడు చూడకపోతే వంద పోతాయి." ఇంకాసేపు తరిగాడు. "ఇంత పని ఉంటుందా రోజూ ఆ డబ్బాలో?"

"రోజూ ఉంటుంది."

"ఊఁ," అన్నాడు. నిన్న నేనన్న చెవుడు మాటకు క్షమించమని అడిగాను. వినపడనట్టు ఊరుకున్నాడు, ఆయనకు అది చేతనవును.

బుధవారానికి నీళ్ళు తీశాయి. నాన్న నీలం పుస్తకం చొక్కా జేబులో పెట్టుకుని సైకిలెక్కి వెళ్ళి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి దాన్ని సొరుగులో పెట్టాడు.

"అదెలీర్ మామ ఏమన్నాడు?"

"ఏమంటాడు? ఇంకొకర్ని చూసుకుంటాడు."

"నువ్వేమన్నావు?"

"నీకు తీరిక లేదన్నాను."

తెరిచి ఉన్న సొరుగు నేనే మూసేశాను.

వీధి జనం ఎండకు మాడి, ముక్కుల మీద తోలు ఊడుతూ తిరిగొచ్చారు. ఒక్కొక్కరే వచ్చి తాళాలు తీసుకెళ్ళారు. వెల్డర్ టైర్లకు తడి తగిలిందని మొహం ముడుచుకున్నాడు. మూలింటివాళ్ళు ఒక కుండీలో మొక్క కుళ్ళిపోయిందని, నలభై ఏళ్ళలో ఇలాంటి వాన లేదని నేను చెబుతుంటే, కాగితంలో రాశాం కదా అన్నారు. దోనా ఎర్నా మాత్రం ఎక్కువ రోజులు ఉండిపోయి, ఫిబ్రవరి రెండో వారంలో దిగింది. దిగిన మర్నాడే పదకొండింటికి గేటు దగ్గర చప్పట్లు. నేను గ్రాసాతో మాట్లాడుతున్నాను. కిటికీ తెరిచే ఉంది; కిటికీకీ గేటుకీ మధ్య నాలుగడుగులు కూడా ఉండవు. దోనా ఎర్నా చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెం, అరటిపండ్ల కేకు అయి ఉంటుంది. నన్ను చూసి చెయ్యి ఊపింది.

నాన్న వెనకవైపు నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఓస్నీ, మార్లీసిని ఒకసారి పిలు. రేపు పొద్దున ఫ్రిజ్ బాగుచేసేవాడు వస్తానన్నాడు, నాకేమో చర్చిలో పని. అది ఎలాగూ ఇంట్లోనే..."

"మార్లీసి ఇంట్లో లేదు," అన్నాడు నాన్న.

దోనా ఎర్నా నా కేసి చూసింది. నేను ఆమె కేసి చూశాను. ఊపిన చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

"అదిగో కదయ్యా! కనిపిస్తోంది!"

"పనిలో ఉంది. రెండింటికి వస్తుంది."

"నీకు మతి పోయిందా, ఓస్నీ? కిటికీలో కూర్చుని ఉంటే..."

"రెండింటికి వస్తుందన్నాను కదమ్మా. వచ్చాక చెబుతాను. రేపటికి వేరే ఎవర్నైనా చూసుకో, రేపు కూడా పనికి పోవాలి అది." పళ్ళెం మాత్రం చెయ్యి చాపి అందుకున్నాడు. "ఇది ఇస్తానులే వచ్చాక."

ఆమె గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. ఫ్రిజ్ సంగతి ఆ తర్వాత వారం పాటు వీధంతా చెప్పుకున్నారు, ఓస్నికి వయసు మీద పడిందని కూడా.

"మార్లీసి, ఉన్నావా?" అంది గ్రాసా చెవిలో.

"ఉన్నాను," అన్నాను. ముక్కు తుడుచుకున్నాను. జలుబు అన్నాను.

రెండింటికి కంప్యూటరు కట్టేశాను. గది తలుపు తీస్తే నాలుగడుగుల్లో వంటిల్లు. అన్నం వాసన వస్తోంది. బయట ఎప్పటిలాగే వాన. ఈ మనిషి చేసే పనులకు నాకు పిచ్చెక్కకపోతే చాలు అని తిట్టుకుంటూ ముందు తలుపు తీశాను, మెట్లు దిగాను, గేటు తీసి వీధిలోకి వెళ్ళి మళ్ళీ గేటు వేసి లోపలికి వచ్చాను, ఇల్లు చుట్టూ తిరిగి, బట్టల తీగ కింద నుంచి వంగి, నిక్కరు మీద బురద చింది, ఇస్త్రీ చొక్కా వీపుకు అతుక్కుని, వెనక తలుపు దగ్గరకు చేరాను. అప్పటికే తలుపు తీసి ఉంది. నాన్న భుజాన తువ్వాలుతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"వచ్చావా?" అన్నాడు.

"వచ్చాను నాన్నా," అన్నాను.